చేతులు రుద్దుకుంటే

నాకు చూపున్నది కలలోనే.
మెలకువలో లేదు, పదిహేడేళ్లయింది.

వాల్పరైసో కొండమీద మూడో మలుపులో
రేకుల ఇల్లు నాది.
ఊళ్లో పియానోలకు శ్రుతి చేస్తాను.
సముద్రపు తేమకి ఇక్కడ తీగలన్నీ
నెల తిరక్కుండానే దారి తప్పుతాయి,
కాబట్టి పస్తులుండను.

ఒక రాత్రి నిమ్మపండు కనబడింది.
పసుపు!
ఇంత పసుపు నాకెక్కడిది అనుకున్నాను.
అనుకోగానే తెలిసిపోయింది, ఇది కలని.
తెలిసిన సంబరానికి గుండె ఎగిరిపడింది,
నిమ్మపండు చిట్లి చీకటి కారింది.
మంచంమీద లేచి కూర్చున్నాను.
అరచేతిలో ఏమీ లేదు,
వాసనైనా.

కొండెక్కే పెట్టెబండి దగ్గర
ఒకప్పుడు టికెట్లు చింపిన ఎర్మెలిందా అంది:
"కలకి సంబరం పడదయ్యా.
దేన్నీ గుచ్చి గుచ్చి చూడకు,
పాలగిన్నె ముందు నిలబడ్డట్టు నిలబడకు.
జారిపోతోందనిపిస్తే
చేతులు రుద్దుకో, గోడ తడుము, కాలికింద రాయి అడుగు.
ఎగరాలని మాత్రం అనుకోకు.
ఎగిరినవాళ్లంతా పొద్దున్నే నా దగ్గరికొచ్చి ఏడ్చారు."

ఈ పాఠం నా చేతికి ముందే తెలుసు.
తీగని ఒక్క ఊపున బిగిస్తే తెగుతుంది.
రెండు తీగల మధ్య ఒక వణుకుంటుంది,
దాన్ని వింటూ, వెంట్రుకంత తిప్పుతూ,
అది నెమ్మదించి, ఇంకా నెమ్మదించి
ఇక ఆగుతుందనగా
ఊపిరి కూడా పక్కకి వదలాలి.

అలా నేర్చుకున్నాను.
మొదట నాలుగు మెట్లు దిగేంత సేపు.
తర్వాత రేవుదాకా.
తుప్పు ఎరుపు చూశాను, ఆరేసిన దుప్పట్లు చూశాను.
కుక్క వెనకాల కుక్క నీడ చూశాను.
నీడ ఉంటుందనే మరిచిపోయాను ఇన్నాళ్లూ.
సంబరం పొంగబోతే
చేతులు రుద్దుకుని, నేల చూసి, మళ్లీ నడిచాను.

రాయెన్ ఒక్కతే కుదరలేదు.
చూపు పోయిన రెండేళ్లకి పుట్టింది నా కూతురు.
కలలో గొంతు దానిదే,
ముఖం మాత్రం అరువు.
ఒకసారి మా అక్కది,
ఒకసారి బిస్కెట్ డబ్బామీది పిల్లది,
ఒకసారి ఇంకా ఆరని రంగు.
అసలుది ఏదని కళ్లు చిట్లించిన ప్రతిసారీ
మెట్లు, సముద్రం, అమ్మాయి
అన్నీ ఒక్కసారే వెళ్లిపోయేవి.

మొన్న ఆగస్టులో, ఉత్తరపు గాలి రేకుల్ని కొడుతున్న రాత్రి,
మెట్టుమీద కూర్చుని రొట్టె తింటోంది.
కల అంచులు పలచబడుతున్నాయి.
సముద్రం నీలం ముందు పోయింది.
తర్వాత కటకటాల పచ్చ.
చేతులు రుద్దుకున్నాను, గట్టిగా,
వేడెక్కేదాకా.
వేడెక్కిన చేతుల్ని ఏం చేయాలో తోచక
దాని ముఖంమీద పెట్టాను.

కళ్లు మూసుకున్నాను.
చూపు కోసం రాత్రిళ్లు అడుక్కునేవాణ్ణి,
నా అంతట నేనే.

ఎడమ కనుబొమలో ఉయ్యాల దెబ్బ.
వాళ్లమ్మ గడ్డం.
పెదవి మూల ఒక రొట్టె పలుకు.
అదే. అదే నా పిల్ల.
కల వణకలేదు.
వెనక పెట్టెబండి ఒకసారి ఎక్కింది, ఒకసారి దిగింది,
మళ్లీ ఎక్కింది.
కళ్లు తెరవాలా అని అడిగాను,
ఎవరినో మరి.
జవాబు రాలేదు, నేనూ తొందరపడలేదు.

"నాన్నా, కాఫీ కాగింది.
నిద్రలో చేతులు రుద్దుకుంటున్నావేంటి, చలా?"

"అవునమ్మా, చలే," అన్నాను.

తొమ్మిదింటికి కొండ దిగువన బడి పియానో ఉంది.
పై స్థాయిలో ఒక తీగని
నిన్న సగం బిగించి వదిలేశాను.